నలభై కార్ల సెల్లార్

జూన్ 3

మున్సిపల్ ఆఫీసుకు ఫిర్యాదు పోస్టు చేశాను. నాలుగు పేజీలు. పక్కనే ఉన్న మా బావమరిది కాంప్లెక్స్‌కు వచ్చే కార్లన్నీ మా సందులోనే. మా ఆవిడకు వారానికి మూడుసార్లు డయాలిసిస్. ట్యాక్సీ గేటు దాకా రాదు. వాకర్ పట్టుకుని సందు చివరిదాకా నూటపది అడుగులు వేయాలి. వాడికేమో నలభై కార్లు పట్టే సెల్లార్. గోడౌన్ చేసి ఉంటాడు. వాడి బుద్ధే అంత. నేను కొనుక్కున్న నవల రెండో సంపుటం వాడు చదువుతానని పట్టుకెళ్లి ముప్పై ఏళ్లు. మొదటిది నా దగ్గర కుంటిదానిలా పడి ఉంది.

జూన్ 11

పార్కింగ్ తనిఖీకి ఎవరూ రాలేదు. రారు. మున్సిపల్ ఆఫీసులో బిల్డింగ్ ఇన్‌స్పెక్టర్‌గా చేసినవాణ్ణి, నాకు తెలీదా.

జూన్ 12

వచ్చింది. కొత్త ఇన్‌స్పెక్టర్, చిన్నపిల్ల. చేతిలో సుద్దముక్క. ముందుగా సందు మలుపులో అడ్డంగా ఉన్న మున్సిపల్ జీపుకే నోటీసు అంటించింది. ఇది మన ఆఫీసు బండేనమ్మా అని డ్రైవర్ మొత్తుకున్నాడు. అయితే మొదటి నోటీసు మనకే అంది. కిటికీ దగ్గర నిలబడి నవ్వాను. ఎన్నాళ్లయిందో.

జూన్ 14, మధ్యాహ్నం

సెల్లార్ తనిఖీ. ఫిర్యాదు చేసినవాణ్ణని నన్నూ రమ్మంది. గోడౌన్ లేదు. ఖాళీ. ఎలకలకు అద్దెకిచ్చానేమో, వెతుక్కో బావా అన్నాడు బావమరిది.

ఆ పిల్ల టేపు తియ్యలేదు. కార్లు తెప్పించింది. ప్లాన్‌లోని గడుల ప్రకారం నేలమీద సుద్దతో గీసి, మనుషుల్ని కూర్చోబెట్టి ఒక్కొక్కటే పెట్టించి, ఇక దిగండి అంది. నేను మూడో కారులో ఉన్నాను. తలుపు జానెడు తెరుచుకుని స్తంభానికి కొట్టుకుంది. కారు పడితే చాలదు తాతగారూ, మనిషి దిగాలి అంది. అల్మారాడు పుస్తకాలు చదివాను. ఇంత సులువైన మాట ఎక్కడా తగల్లేదు.

నలభైలో పదహారు తేలాయి. నలభై అని ఎవరు సర్టిఫై చేశారని ఫైలు తిరగేసింది. నా పేరు పైకి చదివింది. నేనింకా కారులోనే ఉన్నాను. వెక్కిరిస్తాడనుకున్నాను బావమరిది. నువ్వు రాశావనే కదా బావా నమ్మాను అన్నాడు.

అదే రోజు, సాయంత్రం

ఇరవై రెండేళ్ల కిందట. సెల్లార్‌లో మోకాలి లోతు నీళ్లు. నా కాళ్లకు కొత్త బూట్లు. ర్యాంప్ మీదే నిలబడి సంతకం పెట్టాను.

జూన్ 15

మా ఆఫీసు పాత హెడ్ క్లర్క్ ఫోన్. సంతకం నాది కాదనేస్తే పోతుందట, పరువు దక్కుతుందట. అప్పుడు మళ్లీ విచారణ, ఇంకో ఏడాది. అంతదాకా ఆవిడ నడవాలి.

ఫోన్ పెట్టేశాను.

జూన్ 17

వాంగ్మూలం ఇచ్చాను. ఆ పిల్ల ఓదార్చలేదు, మెచ్చుకోనూ లేదు. తేదీ తప్పు రాశానని చూపించి దిద్దమంది. ఇలాంటిది ఒక్కతి నా పై అధికారిగా ఉండుంటే ఆ రోజు బూట్లు విప్పి దిగేవాణ్ణి.

జూలై 2

కాంప్లెక్స్‌కు పదహారు కార్లకే అనుమతి. మిగతావి మున్సిపల్ స్టాండుకు. సందులో ఒక్క చక్రం లేదు.

జూలై 4

ట్యాక్సీ గేటు దాకా వచ్చింది. ఇంతకీ దారి మూసింది మా తమ్ముడేనా అని అడిగింది ఆవిడ. కాదు, నేను అన్నాను.

నాకు చోటిస్తూ సీట్లో కొంచెం పక్కకు జరిగింది.