గట్టు మీద ఉప్పు

నౌపడ,
ఫిబ్రవరి, 2016.

నా హాస్టల్ గది నేస్తం ధనలక్ష్మికి,

ఉప్పుకు ధర లేక మీ మడులు అమ్మేసి, నీ తమ్ముడి దగ్గరికి బరంపురం వెళ్లి, నన్నూ రమ్మని రాశావు. ఒకరి పంచన ఉండనన్నాను. మాటా మాటా పెరిగింది. మళ్లీ ఉత్తరాలు లేవు. ఇప్పుడు పని పడింది కనుక రాస్తున్నాను, బెంగపడి కాదు.

జిల్లాకు పరిశ్రమలను రప్పించడమెలాగని శ్రీకాకుళంలో సభ పెట్టి, రిటైరైన అర్థశాస్త్రం లెక్చరర్నని నన్నూ పిలిచారు. ఒకరు భూములిద్దామన్నారు, మరొకరు పన్ను తగ్గిద్దామన్నారు. నేను లేచి, "మడులను పూడ్చే ఫ్యాక్టరీ వద్దు; మా ఉప్పును ఇక్కడే శుద్ధిచేసి సంచులకెత్తేది కావాలి. ముందు లారీ వచ్చే రోడ్డు వేయండి" అన్నాను. హాస్టల్లో మనం కన్న కలే కదా!

విశాఖపట్నం నుంచి వినోద్ అనే వ్యాపారి మా మడులు చూడటానికి వచ్చాడు. ఉత్సాహం పట్టలేక గుప్పెడు ఉప్పు తీసి అతని అరచేతిలో పోశాను. మడిలో పనిచేస్తున్న తవిటమ్మ నెత్తి కొట్టుకుంది.

"ఏటమ్మా, అంత సదువు సదివి ఉప్పు సేతికిచ్చేసినావు! గట్టు మీదెడితే ఆయనే తీసుకుంటాడు కదేటి? తగువొస్తాది సూడు!"

అతను నవ్వాడు. నేనూ నవ్వాను.

ఫ్యాక్టరీ వచ్చినట్టే. అయోడిన్ కలపడం నేర్పేందుకు కెమిస్ట్రీ చదివిన మనిషి కావాలంటే నీ పేరు చెప్పాను. డెబ్బై దాటాక ఉద్యోగమేమిటని నవ్వకు. రా.

లక్ష్మణమ్మ


నౌపడ,
ఏప్రిల్, 2016.

ధనం,

నీ జాబు అందింది. ఫ్యాక్టరీ తెరిచిన రోజున వస్తానన్నావు. ఆ రోజు రాదు. మంచి రోడ్డుందని వినోద్ మరోచోట స్థలం తీసుకున్నాడు. తవిటమ్మ మాత్రం, "రోడ్డూ లేదు, గీడ్డూ లేదు. నీ సేతి ఉప్పే తరిమేసినాది" అంటోంది.

మేం ఊరుకోలేదు. పాత ఉప్పుకొట్టు బాగుచేసి ఆడవాళ్లమే సంచులకెత్తుతున్నాం. నీకు జీతమివ్వగల స్థితి లేదు. కాబట్టి నిన్ను పిలవడానికి నాకిక సాకు లేదు.

ఆ సభలో అంత గట్టిగా మాట్లాడింది జిల్లా కోసమే కాదు. ఫ్యాక్టరీ వస్తే నువ్వు వస్తావని. సాయంత్రం మడుల గట్ల మీద నడుస్తూ, పక్కన నువ్వున్నట్టే ఇప్పటికీ మాట్లాడుకుంటాను.

నువ్వు వెళ్లిన రోజున రైలు కిటికీలోంచి చాచిన నీ చేతిలోనూ ఉప్పు పొట్లం పెట్టాను. అలాంటివి నేను నమ్మను. అయినా మేం ఎత్తిన మొదటి సంచి నీకోసం ఉంచాను. చేతికివ్వను. గట్టు మీద పెడతాను, వచ్చి తీసుకో.

నీ
లక్ష్మణమ్మ