అరచేతిలో ఇమిడే ఫోన్

మార్చి 14, శుక్రవారం, మధ్యాహ్నం

చిరంజీవి కందిరీగకు,

అన్నయ్య ఆశీస్సులు. ఉత్తరం అన్నాక ఇక్కడ మేమంతా క్షేమం అని మొదలుపెట్టాలి కదా. మీ వదిన క్షేమం, షాపు క్షేమం. నా సంగతి చివర్లో రాస్తాను. నీ క్షేమం కోసమే ఈ ఉత్తరం, దీనితో పాటు ఈ చిన్న డబ్బా.

ఫోన్లు బాగుచేసుకు బతికేవాడు కాగితమూ కలమూ పట్టడమేమిటని నవ్వుకుంటావేమో, నవ్వుకో. మొన్న ఆసుపత్రిలో భుజానికి కట్టు కట్టించుకుని అక్కడి కౌంటర్ నుంచి మాట్లాడినప్పుడు, ఎక్కడుంటున్నావో నాకు చెప్పలేదు. లైబ్రరీలో పుస్తకాలిచ్చే ఆవిడ చేతికిస్తే నీకు చేరుతుందని మాత్రం అన్నావు. మంచి పని చేశావు. ఇక ముందు కూడా నాకు చెప్పకు.

ఫోన్ సంగతి చెబుతాను. ఈ దెబ్బ తగలకముందే నువ్వు అడిగావు కదా. కుర్తా లోపల కుట్టుకున్న జేబులో పట్టాలి, నడుస్తుంటే పైకి కనబడకూడదు, ఎక్కడున్నావో ఎవరితో మాట్లాడావో ఎవరికీ చేరవేయకూడదు అన్నావు. ఇదేమంత గొంతెమ్మ కోరిక అనుకున్నాను. తీరా వెతకబోతే అదే అయింది. ఇప్పుడు వచ్చేవన్నీ పళ్లేలంత ఫోన్లు. హోల్‌సేల్ దుకాణం పెద్దాయన నా మాటంతా విని, అంత చిన్నది కావాలంటే వాచీ కొనుక్కోవయ్యా అన్నాడు. పక్క బజారులో చిన్నది ఒకటి దొరికితే సంబరపడ్డాను. ఆన్ చేయగానే పేరేంటి, ఎప్పుడు పుట్టావు, ఎక్కడున్నావు అని కొత్తగా దిగిన పక్కింటావిడలా వరసబెట్టి అడిగింది. చెప్పనంటే టార్చిలైటు కూడా వెలగనంది. ఇంకోటి చిన్నదే, మర్యాదస్తురాలే, కానీ చేసినవాళ్లే లోపలి లొసుగులు పూడ్చకుండా దాన్ని గాలికొదిలేసి నాలుగేళ్లయింది. తాళం ఉండి గడియ ఊడిపోయిన తలుపు అది. రెండూ తిప్పి ఇచ్చేశాను.

ఇది చివరికి పాత సామాను బస్తాలో దొరికింది. గ్లాసు పగిలి, బ్యాటరీ ఉబ్బి ఉంది. రెండూ మార్చాను. నీ బొటనవేలు ఈ మూల నుంచి ఆ మూలకు అందుతుంది. లోపలిదంతా తుడిచేసి, కబుర్లు చేరవేయని సిస్టమ్ ఎక్కించాను. దాన్ని ఊరికే పంచిపెడుతూ, ఇప్పటికీ మరమ్మతు చేస్తూ ఉండే పుణ్యాత్ములు ఉన్నారు. రెండు రోజులు నా జేబులో వేసుకు తిరిగి, ఎవరికైనా ఏమైనా పంపుతోందేమో చూశాను. మూగనోము పట్టినట్టు ఉంది. సిమ్ వేశాక ఆ కంపెనీ టవర్లకు నువ్వున్న చోటు తెలుస్తుంది, అది ఎవడూ తప్పించలేడు. మీ ఆయనకు మాత్రం తెలియదు. మొత్తం వెతకడానికి, బాగుచేయడానికి కలిపి పదకొండు రోజులు పట్టింది.

తాళం నంబరు నేను పెట్టలేదు, నువ్వే పెట్టుకో. అమ్మ పుట్టినరోజు వద్దు, అది ఆయనకు తెలుసు. ఎప్పుడైనా పాడైతే బాగుచేసేవాడు నంబరు అడుగుతాడు. చెప్పకు. పక్కనే నిలబడి నీ చేత్తోనే నొక్కు. నేనడిగినా అంతే.

టైలరమ్మ గురించి కూడా రాయాలి. నువ్వు ఇల్లు వదిలి ముందు పిన్ని ఇంట్లో ఉన్నప్పుడు నాలుగో రోజుకే ఆయన వచ్చి పడ్డాడు. పిన్ని నోట్లో నువ్వుగింజ నానదు కాబట్టి మనం ఆశ్చర్యపోలేదు. టైలరమ్మ తన మేడ మీద గది ఇచ్చింది. ఆ సంగతి నీకూ, ఆమెకూ, నాకూ తప్ప ఎవరికీ తెలియదు. అక్కడికీ ఆయన వచ్చేసరికి, ఇరవై ఏళ్ల స్నేహితురాలిని పట్టుకుని నువ్వే నన్ను అమ్మేశావని అనేసి వెళ్లిపోయావు. నిన్న ఆమె దగ్గరికి వెళ్లాను. మిషన్ తొక్కడం ఆపకుండానే, నేను చెప్పుంటే ఈ చేతులు పడిపోవాలి, ఆయన నీ చెల్లెలి ఫోన్ లాక్కుని గోడకేసి కొడుతుంటే మధ్యలో నిలబడింది ఎవరనుకున్నావు అంది. ఆమె మణికట్టుకు ఇంకా గుడ్డ కట్టు ఉంది. నువ్వు సగం కుట్టి వదిలేసిన జాకెట్టు అలాగే కొక్కేనికి వేలాడుతోంది.

భుజం జాగ్రత్త. కట్టు తడవనివ్వకు. మీ వదిన అడిగానని రాయమంది.

ఇట్లు,
నీ నత్త అన్నయ్య

తా.క.: రాసిందంతా మూడుసార్లు చదువుకున్నాను. అసలు మాట అందులో లేదు.

ఆరు నెలల కిందట గ్లాసు పగిలిందని మీ ఆయన నీ ఫోన్ తెచ్చాడు. ఎలా పగిలిందో తెలిసి కూడా నేను అడగలేదు. తాళం నంబరు కోసం నీ పనిచోటికి ఫోన్ చేస్తే, అన్నయ్యే కదా అని చెప్పేశావు. షాపు అలవాటు ప్రకారం దాన్ని టేపు ముక్క మీద రాసి ఫోన్ వెనక అంటించాను. ఇచ్చేటప్పుడు పీకెయ్యాలి. ఆ రోజు జనం ఎక్కువగా ఉన్నారు. టేపుతోనే ఆయన చేతిలో పెట్టాను. ఆయన నీకు ఇచ్చింది రెండు రోజుల తర్వాత.

నువ్వు చిన్న ఫోన్ చూడమని అడిగిన రోజే, సాయంత్రం ఆయన ఛార్జర్ వైరు కొనడానికి వచ్చాడు. వెళ్తూ వెళ్తూ, నీ టేపు ముక్క భలే పనికొచ్చింది బావా అని నవ్వాడు. ఆ రెండు రోజుల్లో నీ ఫోన్ తెరిచి, నువ్వెక్కడున్నా తనకు తెలిసేలా ఏదో ఎక్కించాడని నాకు అర్థమైంది. అప్పుడే నీకు చెప్పి ఆ ఫోన్ పారేయించాల్సింది. చెబితే ఎందుకని అడుగుతావు. సిగ్గేసింది. కొత్తది చేతిలో పెట్టి పాతది తీసేసుకుంటే నా తప్పు ఎవరికీ తెలియకుండా పోతుందనుకున్నాను. పదకొండు రోజులు అలా వెతుక్కుంటూ తిరిగాను. ఆయన మేడ మెట్లెక్కింది తొమ్మిదో రోజున. నోరు విప్పడానికి ఒక్క నిమిషం చాలేది.

నన్ను నువ్వు ఒక్కసారి కూడా అనుమానించలేదు. అదే నిద్ర పట్టనివ్వడం లేదు.

నిన్న ఇదంతా టైలరమ్మకు చెప్పాను. అప్పుడు ఆపింది మిషన్. లేచి, తలుపు తీసి పట్టుకుంది, నేను వెళ్లేదాకా.

సిమ్ నువ్వే తీసుకో. నీ నంబరు నాకు తెలియనక్కర్లేదు. ఈ ఫోన్‌లో ఒకే ఒక్క నంబరు వేసి పంపుతున్నాను. అది నాది కాదు. టైలరమ్మది.