సమాధి దగ్గర ఆగే బండి

జూన్ 18, 2007, సోమవారం

పర్వేజ్ కొన్న బండి వెనక కూర్చుని ఈరోజు మొదటిసారి బడికి వెళ్ళాను. పాత క్రూజర్ మోటార్ సైకిల్. కాలువ పనులు చూసే సూపర్‌వైజర్ ఎవరో బదిలీ మీద పోతూ అమ్మేశాడట. సీటు కిందికి, హ్యాండిల్ పైకి ఉంటాయి. కాళ్ళు ముందుకు చాచుకుని నడపాలి. మా ఆయన దాని మీద పడక్కుర్చీలో పేపర్ చదివేవాడిలా ఉన్నాడు. ఆ మాటంటే అలిగాడు. గద్వాల్ మొత్తంలో ఇసోంటి బండి ఇంకోటి సూపియ్యి, చూద్దాం అన్నాడు.

నాకు స్టైలుతో పని లేదు. నా బడి మల్దకల్ దాటాక ఉన్న ఊళ్ళో. మొదటి బస్సు దిగి అక్కడిదాకా నడిచేసరికి ప్రార్థన అయిపోతుంది. నేను విద్యా వాలంటీర్‌ని. పర్మనెంట్ టీచర్లు ఆలస్యంగా వస్తే దాన్ని ఆలస్యం అంటారు. నేను వస్తే నిర్లక్ష్యం అంటారు.

జూన్ 21, గురువారం

అత్తమ్మ బండికి గంధం పెట్టింది. మా ఇంట్లో గురువారం సాయంత్రం పోయిన పెద్దల పేరున ఫాతెహా చదివాక వస్తువులకు గంధం పడుతుంది. కుట్టు మిషన్‌కు, పర్వేజ్ ఫొటో ఫ్రేముల షాపు షట్టర్‌కు, ఒకసారి నా గొడుక్కి కూడా. బండికి ఎక్కడ పెట్టాలో కాసేపు తిరిగి చూసి, ట్యాంకు మీద మెరిసే గుండ్రటి మూతను ఎంచుకుంది. మూడు వేళ్ళతో దట్టంగా రాసింది. ఇక వారం వారం ఇదే చోటు అని ప్రకటించింది.

జూలై 3, మంగళవారం

బండి ఆగింది. మల్దకల్ ఇంకా రాలేదు. రోడ్డు పక్కన పచ్చ జెండా సమాధి ఉంటుంది, అది దాటగానే. రెండుసార్లు దగ్గి, నెమ్మదించి, చచ్చిపోయింది. పర్వేజ్ మూత తీసి పెట్రోల్ ఉందా అని చూశాడు. ఉంది. మూత పెట్టి కిక్ కొడితే స్టార్ట్ అయింది. ఏదో నలుసు అడ్డం పడ్డదేమో అన్నాడు.

జూలై 4

ఈరోజూ ఆగింది. అక్కడే.

జూలై 6, శుక్రవారం

సాయంత్రం నేనూ మెకానిక్ యేసుబాబు దగ్గరికి వెళ్ళాను. పర్వేజ్ చెబితే బండి గుణగణాలు చెబుతాడు గాని రోగం చెప్పడు. యేసుబాబు ముందు మూత తీసి పెట్రోల్ చూశాడు. తర్వాత రథశాల దాకా తోలుకుపోయి వచ్చాడు. మంచిగనే ఉన్నది గద మేడం, ఏం లేదు అన్నాడు. అయినా ప్లగ్ మార్చాడు. పాత ప్లగ్ పొడిగా ఉంది. అంటే పెట్రోల్ అందక ఆగుతున్నదన్నమాట అని, కార్బొరేటర్ విప్పి కడిగాడు.

జూలై 9, సోమవారం

ఆగింది. సమాధికి కాస్త ఇవతలే.

ఇంటికి వచ్చి పర్వేజ్ ఆ మాట వాళ్ళమ్మకు చెప్పాడు. చెప్పకూడని మనిషికి చెప్పకూడని వివరం చెప్పాడు. యాడ ఆగుతున్నదిరా అని ఆమె రెండోసారి అడిగింది. అందరూ దండం పెట్టి పోయే చోటది, మీరు హారన్ కొట్టుకుంట పోతున్నరు, ఆయనెవరో బుజుర్గు ఊకుంటడా అన్నది. ఆ సమాధి ఏ పుణ్యపురుషుడిదో మాకెవరికీ తెలియదు. గురువారం గంధం ఇంకొంచెం ఎక్కువ కలుపుతానన్నది.

జూలై 12, గురువారం

కలిపింది.

జూలై 13, శుక్రవారం

ఈసారి సమాధికి ఇంకా చాలా దూరం ఉండగానే ఆగింది. యేసుబాబు పెట్రోల్ కాక్ మార్చాడు, పైపు మార్చాడు. ఇక మార్చడానికి నువ్వూ నేనే మిగిలాం అన్నాను పర్వేజ్‌తో. నవ్వలేదు.

హెడ్మాస్టర్ బాలస్వామి సార్ స్టాఫ్ రూములోకి పిలిచారు. కోపంగా ఏం అనలేదు. అట్లా అంటేనే నయం. అమ్మా, ఊళ్ళె ఇంటర్ సదివిన పిల్ల ఒకతె ఉన్నది, రోజు తిరుగుతున్నది నా సుట్టు, ఈ నెల సూస్త అన్నారు. నేను ఐదో తరగతికి వెళ్ళి భాగహారాలు చెప్పాను. బోర్డు మీద గీతలు వంకరపోయాయి. ఈ ఉద్యోగం పోతే నాకు ఇంకొకటి రాదు. ఆ సంగతి ఇంట్లో నాకొక్కదానికే తెలుసు.

జూలై 16, సోమవారం

బడి నుంచి వచ్చేసరికి అత్తమ్మ గడప మీద కూర్చుని ఉంది. కాళ్ళకు చెప్పులున్నాయి. ఎక్కడికో పోబోతూ ఆగిందేమో అనుకున్నాను. ఎక్కడికీ కాదట. లోపల ఒక్కదాన్నే కూసోబుద్ధి కాలే అన్నది. ఇంట్లో ఫ్యాన్లన్నీ తిరుగుతున్నాయి. పట్టపగలు లైట్లన్నీ వెలుగుతున్నాయి.

మామయ్య అబ్దుల్ మజీద్ గారు పోయి ఆరేడు నెలలైంది. ఆఖరి సంవత్సరాల్లో మంచం దిగలేదు గాని రోజంతా మాట్లాడేవారు. నిండు ఇంట్లో పుట్టి, నిండు ఇంటికి వచ్చిన మనిషి ఈమె. పగలు ఖాళీ ఇల్లు ఎట్లా ఉంటుందో ఈ వయసులో మొదటిసారి చూస్తోంది.

రాత్రి అన్నం దగ్గర పర్వేజ్‌తో తేల్చి చెప్పింది. బండి అర్షియా ఎక్కితెనే ఆగుతున్నది, నువ్వొక్కనివే షాపుకు పోతె ఆగుతున్నదా, అది ఇషారా, ఆ బుజుర్గు పోవద్దని చెప్తున్నడు, ఈ నెలతోని నౌకరి బంద్ జేపియ్యి అన్నది. షాపు మా సందు చివర్లోనే ఉంది, నడిచినా పోవచ్చు అని నేనన్నాను. ఎవరూ వినలేదు. పర్వేజ్ చూద్దాంలే అన్నాడు. అటు తల్లికీ ఇటు నాకూ సరిపోయేలా ఒకే మాట అనడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య.

జూలై 20

ఆగింది. పర్వేజ్ పైపు లాగి చూస్తే పెట్రోల్ చుక్క చుక్కగా పడి మానేసింది. ట్యాంకు సగానికి పైగా ఉంది. మూత తీసి చూశాడు. మూత తీయగానే సుయ్‌మన్నది. పైపులోంచి పెట్రోల్ ధారగా కారి నా చెప్పులు తడిశాయి. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. పర్వేజ్ సమాధి వైపు తిరిగి సలాం చేశాడు. నేనూ చేశాను. ఎందుకు చేశానో తెలియదు.

జూలై 22, ఆదివారం

కొత్త నూనె డబ్బా తెరిచాను. మేకు పెట్టి ఒక బెజ్జం కొట్టి వంచితే బుడుంగ్ బుడుంగ్‌మని కాస్త పడి ఆగింది. రెండో మూల ఇంకో బెజ్జం కొట్టాను. ధార.

డబ్బా అట్లాగే పట్టుకుని నిలబడ్డాను. నూనె గిన్నె దాటి గట్టు మీదికి పారింది.

గాలి. నూనె బయటికి రావాలంటే గాలి లోపలికి పోవాలి. పిల్లలకు బోర్డు మీద బొమ్మ గీసి చెప్పే పాఠమే. మనం మూత తీసినప్పుడల్లా బాగవుతోంది. యేసుబాబు కూడా మూత తీసి చూశాకే తోలాడు. నన్ను దింపి వచ్చేటప్పుడు పర్వేజ్ దారిలో మూత తీసి పెట్రోల్ పోయించుకుంటాడు, అందుకే అప్పుడు ఆగదు. 

వాకిట్లోకి పోయి బండి మూత చూశాను. గంధం పొరలు పొరలుగా ఎండి గోడ సున్నంలా తెల్లగా ఉంది. చున్నీకి పెట్టుకున్న పిన్ను తీసి గీకాను. మూత మధ్యలో సన్నటి రంధ్రం బయటపడింది. పిన్ను దాంట్లో పెట్టి తిప్పితే గంధం ముద్ద ఊడొచ్చింది.

కొండను తవ్వి ఎలుకను పట్టాం. కొత్త ప్లగ్, కొత్త కాక్, కొత్త పైపు, ఒక బుజుర్గు మీద నింద.

జూలై 23, సోమవారం

బడిదాకా ఆగలేదు. పర్వేజ్ సమాధి దాటాక పాట అందుకున్నాడు. అమ్మీకి చెప్పొద్దు, ఆమె గంధం గురువారం పెడుతది, నువ్వు శుక్రవారం తీసెయ్యి, లొల్లి ఉండదు అన్నాడు. ఒకరికి తెలియకుండా ఒకరం ఎన్నేళ్ళు గీకాలి? నేను చెబుతానన్నాను.

జూలై 26, గురువారం

చెప్పాను.

గంధం గిన్నెతో వచ్చిందామె. నూనె డబ్బా తెచ్చి రెండో బెజ్జం మీద వేలు పెట్టి వంచాను. ధార ఆగింది. వేలు తీశాను. పడింది. తర్వాత బండి మూత చూపించాను. ఆమె వంగి కళ్ళు చికిలించి రంధ్రాన్ని చూసింది. పిన్ను అడిగి తీసుకుని తనే పెట్టి చూసింది. గట్లనా, నా గంధమే బండి పీక పిసికిందా అని పడీ పడీ నవ్వింది. నాకు చాలా తేలికైంది. నవ్వు ఆగాక, అయితె ఆ బుజుర్గుకు కోపం లేదు గద అని అడిగింది. లేదన్నాను. ఆయన వద్దంటలేడు గద అన్నది. అనడం లేదన్నాను.

అయితె నువ్వు రోజు పోతవు అన్నది.

పోతాను అత్తమ్మా అన్నాను. ఆమె గిన్నె పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. గంధం దేనికీ పెట్టలేదు.

ఆగస్టు 7

ఒక్కరోజూ ఆలస్యం కాలేదు. ఇంటర్ చదివిన పిల్ల పెళ్ళి చేసుకుని అమరచింత పోతోందట. బాలస్వామి సార్ నా పేరు వచ్చే జూన్ దాకా రాసి పంపారు.

మంచిగైంది బేటా అన్నది అత్తమ్మ. ఈ మధ్య పొద్దున్నే లేచి బండి తుడుస్తోంది.

ఆగస్టు 20, సోమవారం

బండి ఆగింది.

పర్వేజ్ దిగేలోపు నేనే దిగి మూత చూశాను. అద్దంలా తుడిచి ఉంది. నా మొహం కనబడింది. ఎక్కడా గంధం మరక లేదు. రంధ్రంలో మాత్రం ఉంది. పిన్ను మొనతో కూరి, పైన సాపు చేసినట్టుగా.

ఏమైంది అని పర్వేజ్ అడిగాడు. దుమ్ము అన్నాను.

కోపం రాలేదు. ఆమెను తలుచుకుంటే ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళలో నేను చెప్పిన పాఠం ఒక్కసారికే ఇంత బాగా అర్థం చేసుకున్నవాళ్ళు లేరు.