పట్టేసిన పడవ మోటారు పలికింది

నాన్నకు, ఇక్కడ అందరం కులాసా. తమ్ముడింటికి వెళ్తూ మీరు పాత ఇనుప సామాన్ల వాడికి ఇచ్చెయ్యమన్న పడవ మోటారును నేను ఇవ్వలేదు. నిన్న పొద్దున అది మోగింది!

పట్టేసిన పిస్టన్ మీదికి ప్లగ్గు రంధ్రంలోంచి ఇరవై రోజులు డీజిలూ నూనే కలిపి పోశాను. "పోయినవాడికి మందు పోస్తున్నారేంటండీ లెక్చరరు గారూ?" అన్నాడు మెకానిక్. నేనసలే అనుమానాల పుట్టను, సగం నమ్మేశాను. బిగుసుకున్న సీసా మూతను మీరు ముందు ఇంకాస్త బిగించి, ఆ తర్వాతే తిప్పడం అప్పుడు గుర్తొచ్చింది. మోటారు పైన తాడు చుట్టే చక్రాన్ని వెనక్కి నెట్టాను. వేలెడంత కదిలింది. అటూ ఇటూ ఊపుతుంటే సాయంత్రానికి పూర్తిగా తిరిగింది. నిన్న రేవులో పదకొండోసారి తాడు లాగేసరికి పొగ కక్కుతూ అందుకుంది. "అచ్చం మీ నాన్నగారి గొంతే, అవతలి ఒడ్డుకు వినపడుతోంది" అన్నాడు అదే మెకానిక్.

పడవ లైసెన్సు కాగితం ఎక్కడ పెట్టారు? అమ్మ మాత్రలు వేళకు వేసుకుంటోందా?

ఒక్క మాట. పోయిన వానాకాలం ప్లగ్గు తుడవడానికి తీసి, తిరిగి బిగించడం మరిచింది నేనే. వాన నీళ్ళు దిగి తుప్పు పట్టింది. "దానికీ నాకూ వయసైపోయిందమ్మా" అని మీరన్నప్పుడు ఈ సంగతి దాచి మాట మార్చేశాను. దానికి వయసైపోలేదు నాన్నా. మీకూ కాలేదు. వచ్చి నడపండి.

గోళ్ళలో నూనె ఇంకా వదలని మీ పెద్దమ్మాయి నమస్కారాలు.