ఫేడరుకో బొట్టు

ఏమండీ,

రేపటికి మీరు పోయి ఏడాది. ఏడుస్తూ రాస్తాననుకున్నాను, మండిపడుతూ రాస్తున్నాను.

మన రికార్డింగ్ స్టూడియోలో పాత మిక్సింగ్ బోర్డు మూలపడింది. దాని బదులు కంప్యూటరుకి తగిలించే కొత్త కంట్రోలరు కొందామని తమ్ముణ్ణి తోడు తీసుకుని తిరువూరు నుంచి బెజవాడ వెళ్ళాను. అడిగేది నేనైతే, షాపతను జవాబు చెప్పేది మామిడితోట తప్ప మరోటి తెలియని తమ్ముడికి!

"మేడంగారికి టచ్ స్క్రీన్‌దైతే ఈజీ సార్," అన్నాడు.

ఒళ్ళు మండింది. చెవి పాట మీదుంటే వేలికి దారి తెలియాలి కదా, అద్దం మీద ఏం తెలుస్తుంది? గొంతునీ వాయిద్యాలనీ పెంచి తగ్గించే జారుడు మీటలు, అదే ఫేడర్లు, ఉన్నది తెమ్మని, మీలాగే కళ్ళు మూసుకుని ఒక్కోటీ జరిపి చూశాను.

"ఐదోది పట్టేస్తోంది. ఇంకో పీసు తెరవండి."

అప్పుడు మొదటిసారి నా మొహం చూసి, "అలాగేనండి" అన్నాడు.

అయినా అతన్నని ఏం లాభం? పదిహేనేళ్ళు పక్కన కూర్చోబెట్టుకుని, "నువ్వు పాడు చాలు, ఫేడర్ల మీద చెయ్యి పెట్టకు" అన్నది మీరు కాదూ? పైగా గుర్తుల కోసం నా స్టిక్కరు బొట్లన్నీ ఫేడర్లకి అంటించేసేవారు. నా గొంతుకి ఎప్పుడూ ఎర్రదే.

మిగిలిన బొట్ల పాకెట్టుని "ఇంక నీకెందుకే" అని మీ అక్కయ్య అలమర పైన పెట్టేసింది. ఇవాళ దించాను. ఎర్రది ఒకటి నా గొంతు ఫేడరుకి అంటించాను. ఇంకోటి నేను పెట్టుకున్నాను.