చూడ్డానికి ముగ్గురు పెద్దలు వస్తున్నారు

అనంతపురం,
ఫిబ్రవరి, 1962

గోరంట్ల నాగన్న మామ గారికి, మీ అక్క కొడుకు తిప్పన్న సాష్టాంగ నమస్కారం. ఇక్కడ నేను, నా ట్రంకు పెట్టె, ఎండ, ముగ్గురమూ కుశలం.

ముందుగా క్షమాపణ. ఇందులో రాయబోయే ఘోరాలకు మీ వంశం, మా వంశం, గోరంట్ల పోస్టాఫీసు, ఎప్పటిలాగే దీన్ని మీకు చదివి వినిపిస్తున్న భద్రమ్మ, అందరూ నన్ను మన్నించాలి. ఘోరమేమిటంటే, పుట్టిన ఇన్నేళ్ళకు నాకు మాట్లాడడం రాదని తేలింది.

ఉద్యోగాలకు పోయే ఆఖరి సంవత్సరం వాళ్ళకు మాట తీరు నేర్పాలని మా ఇంగ్లీషు మాస్టరు జమాల్ బాషా గారు శనివారం సాయంత్రాలు క్లాసు పెట్టారు. తలుపు తట్టి లోపలికి పోవాలి. నవ్వాలి, కానీ పళ్ళు కనపడకూడదు. కూచోమన్నాకే కూచోవాలి. అడిగినవాళ్ళ కళ్ళలోకి చూడాలి. తల గోక్కోకూడదు. చివరిదే కష్టంగా ఉంది.

వచ్చే నెల గ్రామసేవక్ ఉద్యోగానికి మమ్మల్ని చూడ్డానికి ముగ్గురు పెద్దలు వస్తున్నారు. నచ్చితే ఉత్తరం రాస్తారు. ఉద్యోగం వచ్చేదాకా భద్రమ్మ ఊసెత్తవద్దనీ, ఉగాది దాటితే కదిరి సంబంధం ఖాయం చేస్తాననీ మీరు అన్నారు కదా. అందుకే ఇంత శ్రద్ధగా నవ్వుతున్నాను.

ఇట్లు, మాటలు నేర్చుకుంటున్న మీ
తిప్పన్న

తా.క. అద్దం ముందు నవ్వు సాధన చేస్తుంటే, హాస్టల్లో నా గదిలో ఉండే ఖాజా పీర్ "పంటి నొప్పా అన్నా?" అంటూ లవంగం తెచ్చిచ్చాడు.

---

గోరంట్ల

అల్లుడు తిప్పన్నకు మామ నాగన్న దీవెనలు. నేను చెప్తాండా, భద్రమ్మ రాస్తాండాది.

ఏమప్పా, నిన్ను చూసేకి ముగ్గురు పెద్దలు వస్తాండారా? యాడోళ్ళు? ఎవురింటోళ్ళు? వాళ్ళకు ఆడపిల్లలు ఎంతమంది? వచ్చి చూసుకోని పోయి, నచ్చితే ఉత్తరం రాస్తామనేది నాకు తెలియని యవ్వారమా? మనోళ్ళలో యాడ పిల్లను చూడల్లన్నా నన్నే ముందు పెట్టుకోని పోతారు. అయినా పిల్లను చూసేది ఉండాది గానీ, మొగపిల్లోణ్ణి కూచోబెట్టి నవ్వమనేది యాడన్నా ఉండాదా? దానికొక మాస్టరు గూడానా! మీ అత్తను చూసేకి పోయినప్పుడు నేను గోడమీద క్యాలెండరు చూసుకుంటా కూచున్నా. కండ్లలోకి చూసింటే వాళ్ళ నాయన కట్టె తీసుకోనుండు.

మామ, నాగన్న

తా.క. మీ అత్త అక్కమ్మ అడుగుతాండాది: వచ్చేటోళ్ళకు ఉప్మా ఎవురు చేస్తారు?

ఇది నా సొంతంగా రాసేది: బావా, నీ ఉత్తరం నాయనకు బాగా అర్థమైంది. ఇట్లే రాస్తా ఉండు. భద్రమ్మ.

---

అనంతపురం

మామ గారికి నమస్కారాలు. మీరేదో పొరపాటు పడినట్టుంది. ఉప్మా ఎవరూ చేయరు. ఉద్యోగం ఇచ్చేవాళ్ళకు ఉప్మా పెడితే దాన్ని లంచం అంటారు.

ముగ్గురిలో ఒకరు ఆఫీసరమ్మ. ఎక్కువ ప్రశ్నలు ఆమెవేనట. అందుకని మొన్న క్లాసులో ఖాజా పీర్ తలమీద తువ్వాలు కప్పుకొని ఆఫీసరమ్మలా కూచున్నాడు. నీ బలహీనత ఏమిటని అడిగాడు. "మా మామ" అన్నాను. "నిజమే చెప్పాలి గానీ, అంతా ఒకేసారి చెప్పకూడదు" అన్నారు మాస్టరు.

ఉద్యోగానికి ఎన్నికైతే డాక్టరు బరువు, ఎత్తు, పళ్ళు చూస్తాడు. కొన్నాళ్ళు వాళ్ళ దగ్గరే పెట్టుకొని పని నేర్పిస్తారు. ఉండడానికి ఇల్లు కూడా వాళ్ళే ఇస్తారు. వాళ్ళు వచ్చేది ఉగాదికి ముందు శుక్రవారం, బ్లాకాఫీసుకు. మామా, ఇది ఉద్యోగం. ఉద్యోగం. పెండ్లి కాదు.

మీ తిప్పన్న

తా.క. ఖాజా పీర్ ఆ వేషంలో ఉండగానే వార్డెను వచ్చాడు. నేర్చుకున్న పాఠాలన్నీ ముందుగా వాడికే పనికొచ్చాయి.

---

గోరంట్ల

తిప్పన్నకు, మామ నాగన్న కోపంతో రాయిస్తాండేది. దీవెనలు ఆఖర్న ఉంటాయి.

పండ్లు చూస్తారంటనే! సంతలో కోడెకు గూడా పండ్లే చూస్తారు, బరువు చూడరు. వాళ్ళింట్లో పెట్టుకోని, పని నేర్పిచ్చి, ఇల్లు ఇస్తారా? దాన్ని ఇల్లరికం అంటారప్పా! ఆ తువ్వాల కప్పుకున్నామె ఎవురు, పిల్లకు అవ్వనా? మా అక్క కొడుకు ఇంకొకరి ఇంట్లో పడుంటే నేను మీసం పెట్టుకోని యాడ తిరగల్ల?

కదిరోళ్ళకు లేదని కబురు పంపిచ్చినా. వాళ్ళ పేరు చెప్పింది నిన్ను బెదిరిచ్చేకే గానీ, భద్రమ్మ నీకేనని ఎప్పుడో అనుకున్నా. శుక్రవారం నేనూ మీ అత్తా తాంబూలం పట్టుకోని నేరుగా ఆడికే వస్తాండాము.

దీవెనలు.

తా.క. భద్రమ్మ గూడా వస్తానంటాండాది. వద్దన్నా.

నాయన వద్దన్నాడు. వస్తాండా. భద్రమ్మ.

---

గోరంట్ల

తిప్పన్నకు మామ దీవెనలు. ఊరు చేరినాము. కోపం పోయింది, సిగ్గు మిగిలింది.

ఆ రూములో నువ్వు, నీకెదురుగా ఆ ముగ్గురు. నేను తలుపు గూడా తట్టకుండా పోయి, తాంబూలం తట్ట నీ ఒళ్ళో పెట్టి, "అమ్మా, ఈ పిల్లోడు మావాడు. మీ పిల్లకు ఇంకొకర్ని చూసుకోండి" అని ఆఫీసరమ్మతో అంటి. ఆమె కండ్లద్దాలు తుడుచుకోని, "మా దగ్గర పిల్ల లేదు పెద్దాయనా, ఉద్యోగం ఉంది" అనింది. నాకు భూమిలోకి పోదామనిపిచ్చె.

నువ్వు తల గోక్కోలేదు, కసురుకోలేదు. లేచి నీ కుర్చీ నాకిస్తివి. "ఈయన మా మామ. ఎండలో బస్సు దిగి వచ్చినారు. ముందు నీళ్ళు తాగనీండి, తర్వాత మీరడిగినదానికి చెప్తా" అంటివి. ముగ్గురూ ఆకూవక్కా తీసుకునిరి. సర్కారే సాక్షి అయినాక నేనింక ఎనక్కి పోయేకి లేదు.

ఒకటి మాత్రం చెప్పు. రెండు ఉత్తరాలు రాస్తివే, ఉద్యోగమనే మాట ఒక్కసారన్నా ఎందుకు రాయలేదు? నా మీద పడి ఆ పని పోయిందేమోనని మీ అత్త అన్నం తినకుండా ఉండాది.

మామ, నాగన్న

తా.క. బావా, ఉత్తరాలు మళ్ళీ చూసినా. ఆ మాట యాడా లేదు. చూసినాక పొయ్యిలో పడినాయి, కాబట్టి నువ్వు చూసేకి కుదరదు. భద్రమ్మ.

---

అనంతపురం

మామ గారికి, అత్తకు నమస్కారాలు. అత్తను అన్నం తినమనండి. ఉద్యోగం వచ్చింది, గార్లదిన్నెలో. ఆర్డరు చేతికిస్తూ ఆఫీసరమ్మ, "కోపంగా వచ్చిన పెద్దమనిషిని కూచోబెట్టడం గ్రామసేవక్ పనిలో సగం. మిగతా సగం మేము నేర్పుతాం" అన్నారు. నా నవ్వు సంగతి మాత్రం ఎవరూ అడగలేదు.

ఆ మాట రాయకపోవడం పూర్తిగా నా తప్పే. మన్నించండి.

భద్రమ్మా, పైకి చదవడం ఇక్కడ ఆపు. "అందరినీ అడిగినట్టు చెప్పమన్నాడు" అనేసి, మిగతాది లోపల చదువుకో.

ఆ మాట రెండు ఉత్తరాల్లోనూ ఉంది. కాగితం మీది నుంచి నీ గొంతులోకి పోయేలోపల యాడ జారిపోయిందో నీకే తెలియాలి. నాకేమీ తెలియదని ఒట్టు పెడదామనుకున్నాను, చెయ్యి రావడం లేదు. ఇల్లరికం ఉత్తరం చదివిన రోజే నాకు సంగతి అర్థమైంది. ఒక్క టెలిగ్రాం కొడితే చాలు, పోస్టుమాస్టరే మామకు చదివి చెప్పేవాడు. పోస్టాఫీసు మెట్ల దాకా పోయాను కూడా. కానీ ఆ శనివారమే జమాల్ బాషా గారు ఆఖరి పాఠం చెప్పారు: ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే మధ్యలో అడ్డు పోకూడదు.

అక్కడ నువ్వు చదువుతున్నావు. నేను అడ్డు పోలేదు. నేను చేసింది అంతే.

నీ
తిప్పన్న