ఎడమచేతిలోని పలక

రెండిట్లో ఏది అసలుది? మ్యూజియం గాజు పెట్టెలో దీపం కింద ఉన్న మట్టి పలకా, మా ఇంట్లో మా అమ్మాయి కృతి చదువుకునే బల్ల మీద ఉన్నదా? పన్నెండేళ్లుగా ఈ ప్రశ్న నాతోనే లేస్తోంది, నాతోనే పడుకుంటోంది. జవాబు తెలియకుండానే వీలునామా రాయాల్సి వస్తోంది.

కాలిఫోర్నియా రాష్ట్రం, డబ్లిన్ నివాసి, రఘు భార్య, నలభై ఆరేళ్ల త్రివేణి అనే నేను, పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా రాసుకుంటున్న వీలునామా ఇది. వచ్చే నెల గుండె కవాటానికి ఆపరేషన్ ఉంది కనుక ఇప్పుడే రాస్తున్నాను. మతి స్థిమితంగా ఉన్నట్టు డాక్టరు ఇచ్చిన కాగితం జతపరిచాను. మనసు స్థిమితంగా ఉన్నట్టు ఎవరూ కాగితం ఇవ్వలేదు. లోగడ నేను మరే వీలునామా రాసి ఉండలేదు. దీన్ని అమలు జరిపే బాధ్యత నా స్నేహితురాలు, లాయరు రేణుకు అప్పగిస్తున్నాను.

1. డబ్లిన్ ఇంట్లో నా సగం వాటా నా తదనంతరం నా భర్త రఘుకు సర్వహక్కులతో చెందవలెను. ఇరవై ఏళ్లుగా ప్రతి విందులోనూ నన్ను ‘మా ఆవిడ మట్టిబెడ్డల ఇంజనీరు’ అని పరిచయం చేశాడు. అది నేను మరిచిపోలేదని ఇందుమూలముగా తెలియజేస్తున్నాను. మెట్ల కింద ఉన్న కుండపెంకుల పుస్తకాలు కూడా అతనికే. ఒక్కటైనా తెరిచి చూడాలని కోరిక, షరతు కాదు.

2. మ్యూజియంలో ఒకప్పుడు నా పై అధికారి, ఇప్పుడు శాంటా క్లారాలో విశ్రాంతిగా ఉంటున్న కృష్ణమోహన్ గారికి, ఉర్ అనే ప్రాచీన నగరం వస్తువులుంచిన గదికి నేను రాసిన మొదటి లేబుళ్ల ప్రతి. అందులో ‘బహుశా’ అన్న మాట పదకొండు చోట్ల ఉంటుంది. పదకొండూ ఆయన ఎర్రసిరాతో కొట్టేశారు. ‘జనం గంటసేపు డ్రైవ్ చేసి వచ్చేది నీ బహుశాలు చదవడానికా అమ్మా?’ అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. సార్, ఆ పదకొండూ మీవే, ఉంచుకోండి.

3. మట్టి పలక. ఇది చివర రాస్తాను.

4. నా కూతురు కృతికి నా నాలుగు బంగారు గాజులు, మా అమ్మ ఇచ్చిన ఇత్తడి కాఫీ ఫిల్టరు. పిల్ల కాఫీ తాగదని తెలుసు. కానీ రఘు చేతికిస్తే డిష్‌వాషర్‌లో పడేస్తాడు.

3 (పైన వదిలినది). ఇప్పటి ఇరాక్‌లో, అప్పటి మెసొపొటేమియాలోని ఉర్ నగరంలో, దాదాపు నాలుగు వేల ఏళ్ల కిందట, బడిపిల్లలు తడిమట్టి పలకల మీద రాత నేర్చుకునేవారు. గారె అంత గుండ్రటి పలక. పైన పంతులు రాస్తాడు, కింద పిల్లవాడు చూసి దిద్దుతాడు. నేను ప్రదర్శనలు తయారుచేసే మ్యూజియంలో అలాంటిదొకటి ఉంది. దాని అంచున ఆ పిల్లవాడి బొటనవేలు నొక్కు కూడా ఉంది.

2013లో ఉర్ గది తెరవబోయే ముందు, సందర్శకుల పిల్లలు తాకి చూసే బల్ల కోసం దానికి నకలు చేసే పని నాకిచ్చారు. క్రాఫ్ట్ షాపులో కొన్న మట్టితో చేశాను. గీతలు, రంగు, నొక్కు, గ్రాముతో సహా బరువు, అన్నీ కుదిరాయి. నకలు మీద నకలని గుర్తు వేయడం మా వృత్తిలో మొదటి నియమం. నేను వేయలేదు. పైగా, తవ్వకాలవాళ్లు అసలు పలక వెనక సిరాతో వేసిన నంబరును కూడా అదే దస్తూరీలో దింపాను. పనితనం మీద గర్వం, ఇంకేం లేదు. ఫొటో తీశాక గుర్తు వేద్దామని రెండూ ఒకే ట్రేలో పెట్టాను. అప్పుడే ఫైర్ డ్రిల్ గంట మోగింది. బయటికెళ్లి వచ్చేసరికి ఎవరో బల్ల తుడిచి, ట్రే తిప్పి పెట్టారు. ఏది ఎటు పెట్టానో ఆనవాలు పోయింది.

చెరో చేతిలోకీ ఒకటి తీసుకున్నాను. ఎడమచేతిలోది పాతదనిపించింది. దాన్ని గాజు పెట్టెలో పెట్టాను. ఎవరికీ చెప్పలేదు. రెండోది ఏడేళ్లు వేలమంది పిల్లల చేతుల్లో నలిగి, ఒక పక్క అక్షరాలు అరిగిపోయాయి. 2020లో కోవిడ్ వచ్చి తాకే బల్లలన్నీ తీసేసినప్పుడు, నకళ్లు కావలసినవాళ్లు తీసుకెళ్లమన్నారు. తెచ్చుకున్నాను. నకలైతే జ్ఞాపకం, అసలుదైతే దొంగతనం. నేను చేసింది ఏదో నాకే తెలియదు.

అప్పుడు కృతికి పదేళ్లు. ‘అమ్మా, ఇది రియలా?’ అంది. ‘కాదు నాన్నా, నేనే చేశాను’ అన్నాను. మరేమనను? స్కూళ్లు తెరిచిన రోజు దాన్ని బ్యాగులో వేసుకెళ్లి ‘మా అమ్మ చేసింది’ అని క్లాసంతా చూపించిందట. ఇప్పటికీ పరీక్ష ముందు ఆ నొక్కులో బొటనవేలు పెట్టుకునే చదువుతుంది. మొన్న నాతో గొడవపడి ఫోను గోడకేసి కొట్టింది. పలక పక్కనే ఉంది, దాని జోలికి పోలేదు.

ఇంట్లో పలక నుంచి చిటికెడు పొడి గీసి ఇస్తే మట్టి ఎక్కడిదో ల్యాబ్‌వాళ్లు చెప్పేస్తారు. రెండుసార్లు బుక్ చేసి రెండుసార్లూ క్యాన్సిల్ చేశాను. అసలుదని తేలితే అది మ్యూజియానిది. అసలు ఇరాక్‌లోని ఆ ఊరిదేమో, అది ఇంకో చిక్కు. నకలని తేలితే నా ఉద్యోగం, నా పేరు నిలబడతాయి. మ్యూజియానికి కావలసింది ఆ పిల్లవాడు చేసినది. కృతికి కావలసింది నేను చేసినది. ఆ రోజు నా ఎడమచేయి చెప్పింది నిజమైతే ఎవరికి కావలసింది వాళ్ల దగ్గరే ఉంది, కాకపోతే ఇద్దరి దగ్గరా లేదు.

ఈ ముసాయిదా చూసి రేణు, ‘వీలునామాలో ఖాళీలుండకూడదే తల్లీ, ఏదో ఒక పేరు పడెయ్’ అంది. నాలుగుసార్లు కలం పెట్టాను. కింది ఖాళీ మరిచిపోయి వదిలింది కాదు:

కృతి బల్ల మీది మట్టి పలక నా తదనంతరం ______________ కు చెందవలెను.

అక్కడ మ్యూజియం పేరు రాయాలో, కృతి పేరు రాయాలో నేనింకా తేల్చుకోలేకపోయాను.

డబ్లిన్, 14 అక్టోబరు 2025

(సంతకం) త్రివేణి

మా ఇద్దరి ఎదుట త్రివేణి గారు తానే చదువుకుని సంతకం చేశారు. ఇందులో మాకు ఏ వాటా లేదు.

సాక్షులు:
1. రాగిణి, పక్కింటివారు
2. పద్మనాభం, ఎదురింటివారు